శుక్రుడి కోసం పుదుచ్చేరికి: ఒక వింత వీడియో వెనుక చరిత్ర



ఆమధ్య యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో డిగ్రీ చదువుకుంటున్న ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించాడు. నిడివి రెండు నిమిషాలు కూడా లేదు. పేరు మాత్రం పెద్దది: ‘ప్రపంచంలోకెల్లా దురదృష్టవంతుడైన శాస్త్రవేత్త’. ఒక ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త శుక్రుడు సూర్యుడికి అడ్డంగా వెళ్ళే దృశ్యం చూడాలని భారతదేశానికి బయలుదేరాడు. యుద్ధం అడ్డొచ్చింది. మళ్ళీ అవకాశం కోసం ఎనిమిదేళ్ళు ఆగాడు. ఆ రోజు మబ్బు పట్టింది. ఉసూరుమంటూ ఇంటికి పోతే, ఆయన చనిపోయాడనుకుని భార్య మరొకరిని పెళ్ళి చేసుకుంది, చుట్టాలు ఆస్తి పంచుకున్నారు. వెనకాల నవ్వు తెప్పించే సంగీతం.

“ఇదంతా మన పుదుచ్చేరిలోనే జరిగిందట సార్. నిజమేనా?” అని అడిగాడు.

“నవ్వొచ్చిందా?” అన్నాను.

“వచ్చింది సార్. అందరికీ పంపిద్దామనుకున్నాను. పంపేముందు మిమ్మల్ని ఒకమాట అడుగుదామని ఆగాను.”

ఆ ఆగడం నాకు ఎంతో నచ్చింది. ఈనాటి పాఠం ఆ ఆగడం గురించే. అంతర్జాలంలో రోజూ ఎన్నో వింతలు చూస్తుంటాం. నవ్వుకుంటాం, ఆశ్చర్యపోతాం, పదిమందికి పంపుతాం. అందులో తప్పేమీ లేదు. కాని ఒక వింత మన దాకా వచ్చేలోపు దానికి ఏమేమి కలిశాయి, దాని నుంచి ఏమేమి పోయాయి? ఈ ఒక్క వీడియోను ముక్కముక్కగా విప్పి చూద్దాం.

అసలు ఏం చూడాలని వచ్చాడు?

ముందుగా విషయం అర్థం చేసుకుందాం. శుక్రగ్రహం భూమికీ సూర్యుడికీ మధ్య తిరుగుతుంది. ఎప్పుడో ఒకసారి మూడూ ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు శుక్రుడు సూర్యబింబం మీద చిన్న నల్లని చుక్కలా కదులుతూ కనిపిస్తాడు. దీనినే శుక్ర సంక్రమణం అంటారు. శుక్రుడి కక్ష్య భూమి కక్ష్యకు 3.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల ఇది తరచుగా జరగదు. సాధారణంగా ఎనిమిదేళ్ళ తేడాతో రెండు సంక్రమణాలు జంటగా వస్తాయి. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఎదురుచూడవలసిందే. 1761, 1769 ఒక జంట. 1874, 1882 ఇంకొక జంట. 2004, 2012 మరొక జంట.

ఈ చుక్కను చూడటానికి సముద్రాలు దాటవలసిన అవసరం ఏమిటి? ఒక చిన్న పని చేయండి. చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వెనక గోడ మీద వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. రెండు కళ్ళ మధ్య దూరం, వేలు జరిగిన కోణం తెలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో లెక్కకట్టవచ్చు. ఇప్పుడు వేలి స్థానంలో శుక్రుణ్ణి, గోడ స్థానంలో సూర్యబింబాన్ని, రెండు కళ్ళ స్థానంలో భూమి మీద దూరదూరంగా ఉన్న రెండు ఊళ్ళను ఊహించుకోండి. ఇంగ్లండుకు చెందిన ఎడ్మండ్ హేలీ 1716లో సూచించిన పద్ధతి ఇదే. దీనితో భూమికీ సూర్యుడికీ మధ్య దూరం తెలుస్తుంది. అది తెలిస్తే మొత్తం సౌరకుటుంబం కొలతలు తెలుస్తాయి. అందుకే 18వ శతాబ్దంలో ఎందరో శాస్త్రవేత్తలు ప్రపంచం నలుమూలలకూ బయలుదేరారు. వారిలో ఒకడు మన కథానాయకుడు గియోమ్ ల జాంతి. ఆయన 1725లో ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో పుట్టాడు.

నిజమైన ముక్కలు

వీడియోలో మొదటి సగాన్ని పరీక్షిద్దాం. ల జాంతి 1760 మార్చి 26న ఫ్రాన్సు నుంచి ఓడ ఎక్కాడు. జూలైలో ఇప్పటి మారిషస్‌కు చేరాడు. అప్పట్లో ఆ దీవి ఫ్రెంచివారిది. గమ్యం పుదుచ్చేరి. కాని అప్పటికే ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ మధ్య సప్తవర్ష సంగ్రామం నడుస్తోంది. 1761 మార్చిలో ‘సిల్ఫీడ్’ అనే యుద్ధనౌకలో చోటు దొరికి బయలుదేరాడు. గాలులు అనుకూలించక ఓడ చాలాకాలం సముద్రంలోనే తిరిగింది. చివరకు మే 24న మలబారు తీరంలో మాహే దగ్గరకు వచ్చేసరికి చేదువార్త తెలిసింది. మాహే ఇంగ్లీషువారి వశమైంది. పుదుచ్చేరి కూడా జనవరిలోనే వారికి లొంగిపోయింది. ఓడ వెనక్కు తిరిగింది.

1761 జూన్ 6న సంక్రమణం జరిగినప్పుడు ల జాంతి నడిసముద్రంలో ఉన్నాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆకాశం నిర్మలంగా ఉంది. ఆయన శుక్రుణ్ణి చూశాడు కూడా. ‘రెండుసార్లూ చూడలేకపోయాడు’ అనే మాట కాబట్టి సరికాదు. చూశాడు గాని కొలవలేకపోయాడు. ఊగే ఓడ మీద లోలక గడియారం సరిగా నడవదు. తాను ఏ రేఖాంశం మీద ఉన్నాడో కచ్చితంగా తెలియదు. సమయమూ స్థలమూ తెలియని పరిశీలన విజ్ఞానశాస్త్రానికి పనికిరాదు. చూడటానికీ కొలవటానికీ ఉన్న తేడా ఇదే.

తరువాతి సంక్రమణం 1769లో. ఆయన ఇంటికి పోలేదు. హిందూ మహాసముద్రంలోనే ఉండిపోయి మడగాస్కర్ తూర్పు తీరం పటాలు తయారుచేశాడు, గాలులనూ ప్రవాహాలనూ పరిశీలించాడు. 1766లో ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు వెళ్ళాడు. అక్కడి స్పానిష్ గవర్నరు ఆయనను అనుమానించాడు. ప్యారిస్ అకాడమీ కూడా పుదుచ్చేరి మేలని తెలియజేసింది. ఈలోపు 1763లో కుదిరిన ప్యారిస్ ఒడంబడిక వల్ల పుదుచ్చేరి తిరిగి ఫ్రెంచివారికి దక్కింది. 1768 మార్చి 27న ఆయన పుదుచ్చేరిలో దిగాడు.

దిగిన ఊరు ఎలా ఉందనుకున్నారు? ఇంగ్లీషువారు కోటనూ, దొరల భవనాలనూ పడగొట్టి వెళ్ళారు. ఈనాడు మీరు భారతి పార్కులో కూర్చుని చుట్టూ చూస్తారే, ఆ పరిసరాలన్నీ అప్పుడు శిథిలాలు. ఊరు మళ్ళీ లేచి నిలబడుతోంది. ఆ శిథిలాల మీదనే గవర్నరు లా ద లోరిస్తన్ ఆయనకు ఒక వేధశాల కట్టించి ఇచ్చాడు. దాని అడుగు గదుల్లో తుపాకిమందు నిల్వ ఉండేది! ఇంకొక విశేషం. మద్రాసులోని ఇంగ్లీషువారు ఆయనకు ఒక మంచి దూరదర్శిని పంపారు. పదేళ్ళ క్రితం ఒకరి కోటను ఒకరు పడగొట్టుకున్న జాతులే ఒక చుక్కను కొలవటానికి చేయి కలిపాయి. వీడియోలో ఈ ముక్క లేదు. నవ్వు తెప్పించదు కాబట్టి కాబోలు.

1769 మే నెలంతా ఉదయాలు నిర్మలంగా గడిచాయి. పుదుచ్చేరిలో సంక్రమణం మొత్తం కనిపించదు. జూన్ 4 ఉదయం సూర్యుడు ఉదయించే వేళకు శుక్రుడు బింబం మీద ఉంటాడు, తర్వాత కొంతసేపటికి బయటికి వెళ్ళిపోతాడు. ఆ చివరి ఘట్టం చాలు. ముందురోజు సాయంత్రం గవర్నరుతో కలిసి గురుగ్రహపు ఉపగ్రహాలను చూశాడు. తెల్లవారుజామున లేచి చూస్తే మబ్బు. తర్వాత ఈదురుగాలి. సంక్రమణం ముగిసేవరకు మబ్బు విడవలేదు. అది ముగిశాక సూర్యుడు బయటికి వచ్చి ఆ రోజంతా ప్రకాశించాడు. ఆయన వదిలి వచ్చిన మనీలాలో ఆ ఉదయం ఆకాశం నిర్మలంగా ఉందని తరువాత తెలిసింది. రెండు వారాలకు పైగా కలం పట్టుకోవటానికి కూడా మనసు రాలేదని ఆయనే తన గ్రంథంలో చెప్పుకున్నాడు.

కాబట్టి యుద్ధం నిజం, ఎనిమిదేళ్ళు నిజం, మబ్బు నిజం. 1771 అక్టోబరు 8న ఫ్రాన్సు నేల మీద అడుగు పెట్టేసరికి ఆయన బయలుదేరి పదకొండున్నర ఏళ్ళు దాటింది. ఆయన చనిపోయాడనే పుకారు నిజంగానే పుట్టింది. వారసులు ఆస్తి పంపకానికి సిద్ధమయ్యారు. అకాడమీలో ఆయన స్థానం మరొకరికి దక్కింది. కోర్టుకు ఎక్కవలసి వచ్చింది. కొంతకాలానికి అకాడమీలో స్థానం తిరిగి లభించింది.

కలిపిన ముక్క

మరి భార్య సంగతి? అది కలిపిన ముక్క. ల జాంతి ప్రయాణానికి ముందు బ్రహ్మచారి. తిరిగి వచ్చిన తర్వాతనే పెళ్ళి చేసుకున్నాడు. ఒక కుమార్తె కూడా పుట్టింది. లేని భార్య మరొకరిని ఎలా పెళ్ళాడుతుంది? కాని కథ చెప్పేవారికి యుద్ధం, మబ్బు, ఆస్తి తగాదా చాలలేదు. ఇంకొక్క మెట్టు ఎక్కిస్తే బాగుంటుందనిపించింది. ఒకరు రాశారు, పదిమంది దాన్ని చూసి రాశారు. ఈ ముక్క వీడియోలు రాకముందే పుస్తకాల్లోనూ చేరింది. అచ్చులో ఉన్నంత మాత్రాన నిజం కాదు, ఫోనులో ఉన్నంత మాత్రాన అబద్ధమూ కాదు.

‘ప్రపంచంలోకెల్లా దురదృష్టవంతుడు’ అనే బిరుదు సంగతి కూడా చూడండి. అదే 1769 సంక్రమణాన్ని పరిశీలించటానికి షాప్ దోత్‌రోష్ అనే మరొక ఫ్రెంచి శాస్త్రవేత్త ఇప్పటి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాకు వెళ్ళాడు. ఆకాశం అనుకూలించింది. చక్కగా కొలిచాడు. కాని అక్కడ వ్యాపించిన అంటువ్యాధి సోకి రెండు నెలలలోపే, ఆగస్టు 1న మరణించాడు. కొలిచి మరణించిన వాడు అదృష్టవంతుడా, కొలవలేక ఇంటికి చేరి కూతుర్ని ఎత్తుకున్న వాడు అదృష్టవంతుడా? ‘అందరికన్నా’, ‘ప్రపంచంలోకెల్లా’ అనే మాటలు కనిపించినప్పుడు కాస్త ఆగండి. అవి సాధారణంగా కొలత కాదు, అభిప్రాయం.

పని మాత్రం ఆగలేదు. చాలా చోట్ల కొలిచిన వారి లెక్కలన్నీ కలిపి ఆక్స్‌ఫర్డుకు చెందిన థామస్ హార్న్‌స్బీ 1771లో సూర్యుడి దూరం సుమారు 9 కోట్ల 37 లక్షల మైళ్ళని తేల్చాడు. నేటి విలువ సుమారు 9 కోట్ల 30 లక్షల మైళ్ళు. తేడా నూటికి ఒకటి కూడా లేదు.

కోసిన ముక్క

ఇప్పుడు ఇంకొక వింత. ఇది కూడా ల జాంతి పుదుచ్చేరి నివాసం నుంచే పుట్టింది. మన దేశంలో చాలామంది గర్వంగా పంచుకుంటారు. 1765 ఆగస్టు 30న ఒక చంద్రగ్రహణం జరిగింది. ల జాంతి పుదుచ్చేరిలో ఉండగా దానిని తమిళ పద్ధతిలో గణింపజేశాడు. గ్రహణం ఎంతసేపు ఉందన్న లెక్కలో ఆ తమిళ గణన 41 సెకండ్లు తక్కువ చూపింది. యూరపులో పేరుపొందిన టోబియాస్ మాయర్ పట్టికలు 68 సెకండ్లు ఎక్కువ చూపాయి. మన పంచాంగకర్తదే దగ్గరి లెక్క. ఈ విషయాన్ని దాచకుండా రాసినవాడు ల జాంతే.

నిజమైన సంగతే. ఆనందించవలసిందే. కాని దీని పక్కన ఉండవలసిన ఇంకొక ముక్క ఉంది.

సుమారు అరవై ఏళ్ళ తర్వాత, ఇదే పుదుచ్చేరిలో జాన్ వారెన్ అనే ఆయన ఒక పంచాంగకర్తను కలుసుకున్నాడు. వారెన్ అంతకుముందు మద్రాసు వేధశాలలో పనిచేసినవాడు. హిందూ కాలగణన మీద 1825లో ‘కాలసంకలిత’ అనే గ్రంథం ప్రచురించాడు. పంచాంగకర్త పేరును ఆయన ‘సామి నాదెన్ సాషియా’ అని రాసుకున్నాడు. మన చెవికి అది శేషయ్యలా వినిపిస్తుంది. ఆ పంచాంగకర్త ముందు కాగితం లేదు, పుస్తకం లేదు. నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, కంఠస్థం చేసిన పట్టికలను పదాల రూపంలో గుర్తు తెచ్చుకుంటూ 1825 మే 31, జూన్ 1 తేదీల మధ్యరాత్రి చంద్రగ్రహణాన్ని లెక్కకట్టాడు. తేడాలు ఇవి: ఆరంభంలో 4 నిమిషాలు, మధ్యకాలంలో 23 నిమిషాలు, ముగింపులో 52 నిమిషాలు.

అంకెలను పదాలుగా గుర్తుపెట్టుకోవటం ఎలాగో కర్ణాటక సంగీతం నేర్చుకునే వారికి తెలుసు. కటపయాది పద్ధతి ఉంది గదా. ‘ధీరశంకరాభరణం’ పేరులో ‘ధ’ 9, ‘ర’ 2. తిప్పి చదివితే 29. అది 29వ మేళకర్త. అలాంటి ఉపాయంతోనే దక్షిణాది పంచాంగకర్తలు చంద్రుడి గమనాన్ని వాక్యాలుగా కంఠస్థం చేశారు.

ఇప్పుడు చెప్పండి. ఒక లెక్కలో తేడా 41 సెకండ్లు. మరొక లెక్కలో ఒక చివర 52 నిమిషాలు. మొదటిదే పంపితే ‘మనవాళ్ళు యూరపును ఓడించారు’ అనే వింత. రెండోదే పంపితే ‘మనవాళ్ళకు లెక్కలు రావు’ అనే వింత. రెండు సందేశాల్లోనూ ఒక్క అబద్ధం లేదు. కాని రెండూ కలిసి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. రెండు ముక్కలూ కలిపి చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది: ఒకసారి చాలా దగ్గరగా, ఒకసారి దూరంగా వచ్చే పాత పద్ధతి అది. ఒక్క గ్రహణంతో ఏ పద్ధతినీ తూచలేం. అయితే కాగితం లేకుండా, గవ్వలతో, శతాబ్దాల నాటి గణన ఒక మనిషి జ్ఞాపకంలో బతికి ఉండటం మాత్రం గొప్ప సంగతి. ప్రాచీన గణితశాస్త్ర చరిత్రకారుడు ఒటో నోయిగెబౌవర్ 1952లో ఈ గవ్వల లెక్క మీద ప్రత్యేకంగా ఒక పరిశోధన వ్యాసం రాశాడు. ఆయనను ఆకర్షించింది గెలుపు ఓటములు కాదు, ఆ అవిచ్ఛిన్న పరంపర.

అబద్ధం చెప్పటానికి అబద్ధమాడనక్కరలేదు. ఒక ముక్క కోస్తే చాలు.

కోతకు పడిన మూల్యం

“ఒక పాత గ్రహణం లెక్క గురించి ఇంత పట్టింపు ఎందుకు?” అని మీరు అడగవచ్చు. చెబుతాను.

2016లో పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల రక్షణ గురించి ఒక అవగాహన వీడియో తీశారు. అందులో మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. తర్వాత వెంటనే తిరిగి తెచ్చి దింపి, పిల్లలను జాగ్రత్తగా చూసుకోండి అనే అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగం కోసేశారు. మిగిలిన ముక్క నిజమైన కిడ్నాపు దృశ్యంలా మన దేశంలో ఫోన్ల మీద తిరిగింది. 2018లో ఇలాంటి వీడియోలు, సందేశాల వల్ల పిల్లల దొంగలనే అనుమానంతో తమిళనాడు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా అనేక రాష్ట్రాల్లో గుంపులు అమాయకులను కొట్టాయి. ఎందరో చనిపోయారు. దారి తప్పిన వారు, బిచ్చమెత్తుకునే వారు, భాష తెలియని ఊరికి వచ్చిన వారు. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి లేదా అయిదు బృందాలకు మించి పంపకుండా పరిమితి పెట్టింది.

ఆ వీడియోలో ఉన్న దృశ్యం తీసినదే, సృష్టించినది కాదు. కొన్ని క్షణాల చివరి ముక్క మాత్రం లేదు. ల జాంతికి లేని భార్యను కలపటం వల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. కాని చేయి అలవాటు ఒకటే. నవ్వు తెప్పించిన వింతను ఆలోచించకుండా పంపిన వేలే భయపెట్టిన వింతను కూడా ఆలోచించకుండా పంపుతుంది.

ఇక మీ వంతు

ఏదైనా వింత కనిపించినప్పుడు మన చరిత్ర పాఠం నుంచి వచ్చిన ఈ ప్రశ్నలు వేసుకోండి. దీనిని మొదట చెప్పింది ఎవరు, వారికి ఎలా తెలుసు? ల జాంతి విషయంలో ఆయన స్వయంగా రాసిన రెండు సంపుటాల యాత్రాగ్రంథం ఉంది. అవి 1779, 1781లలో అచ్చయ్యాయి. దీనికి ఎవరైనా ఏదైనా కలిపారా? దీనికి ముందూ వెనుకా ఏదైనా ఉండి, కోసేశారా? సమాధానం దొరకకపోతే పంపకుండా ఆగండి. ఆగటం వల్ల ఎవరికీ నష్టం రాదు.

చివరగా ఒక మాట. 1874 డిసెంబరు 9 నాటి సంక్రమణాన్ని మన విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తమ వేధశాల నుంచి పరిశీలించి వివరాలు ఇంగ్లండుకు పంపారు. ఆ వేధశాలను 1840లో నెలకొల్పింది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు. 2012 జూన్ 6న భారతదేశంలో సూర్యుడు ఉదయించేసరికి శుక్రుడు బింబం మీదే ఉన్నాడు, అచ్చం 1769లో పుదుచ్చేరిలో ఉన్నట్లే. ఆ రోజు నాసా వారి సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ ఉపగ్రహం అంతరిక్షం నుంచి తీసిన వీడియో అంతర్జాలంలో ఉంది. ఒక మనిషి పదకొండున్నర ఏళ్ళు ధారపోసినా కొలవలేకపోయినదాన్ని మీరు బస్సులో కూర్చుని చూడవచ్చు. బంగారు రంగులో మెరిసే సూర్యుడి మీదుగా నల్లని గుండ్రని చుక్క నెమ్మదిగా జారిపోతుంది. ఆ బంగారు రంగు మాత్రం సూర్యుడిది కాదు. మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలతో తీసిన చిత్రాలకు శాస్త్రవేత్తలు గుర్తు కోసం వేసిన రంగు అది. ఆ సంగతి వారు దాచలేదు. నిజాయితీ గల వింత అంటే అలా ఉంటుంది.

తరువాతి శుక్ర సంక్రమణం 2117 డిసెంబరులో. ఈ పాఠం చదువుతున్న మీలో దానిని కళ్ళారా చూసేవారు ఉండటం కష్టం. అంటే, మీకూ నాకూ ఇక మిగిలింది ఆ వీడియోయే. మీ మనవలకు మీరు చూపించబోయేదీ అదే. అది కలపకుండా, కోయకుండా వారి దాకా చేరాలి. ఆ బాధ్యత ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోనుది కాదు, ఆ ఫోను పట్టుకున్న మీది.

చేసి చూడండి

1. ల జాంతి 1760 మార్చి 26న బయలుదేరి 1771 అక్టోబరు 8న తిరిగి వచ్చాడు. మొత్తం ఎన్ని సంవత్సరాలు, నెలలు, రోజులు?

2. అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి, దాని గుండా వచ్చే సూర్యకాంతిని తెల్లకాగితం మీద పట్టండి. సూర్యబింబం కనిపిస్తుంది. సూర్యుణ్ణి నేరుగా గాని, దూరదర్శిని గుండా గాని ఎన్నడూ చూడవద్దు.

3. ఈ వారంలో మీకు వచ్చిన ఒక వింత సందేశాన్ని తీసుకోండి. అందులో కలిపిన ముక్కను గాని, కోసిన ముక్కను గాని కనిపెట్టి, అసలు సంగతిని పది వాక్యాలలో రాయండి.